లెక్కలోకి రాని మనుషులు: న్యూయార్క్‌లో హెచ్‌ఐవీ కథ

ఈ ఎపిసోడ్‌లో మనం న్యూయార్క్ వెళ్తున్నాం. టైమ్స్ స్క్వేర్ చూడ్డానికి కాదు. ఆ ఊళ్ళో ఎయిడ్స్‌తో ఇప్పటివరకు లక్ష మందికి పైగా చనిపోయారు. ఆ లక్ష మంది ఎవరు, వాళ్ళకి వైద్యం ఎప్పుడు అందింది, ఎవరికి ముందు అందింది, ఎవరికి ఆలస్యమైంది అన్నదే ఇవాళ్టి టాపిక్.

హెచ్‌ఐవీ అనగానే మనవాళ్ళు వీడియో స్క్రోల్ చేసేస్తారని నాకు తెలుసు. ఒక్క పదిహేను నిమిషాలు ఆగండి. ఇది జబ్బు గురించి చెప్పే పాఠం కాదు. ఒక పెద్ద నగరం తన మనుషుల్ని ఎలా లెక్కపెట్టింది, ఆ లెక్కలో తప్పు వస్తే ఏం జరిగింది అన్న చరిత్ర. నేను కొన్నేళ్ళు డేటాబేస్‌ల మీద పనిచేసినవాణ్ణి. అక్కడ అందరికీ తెలిసిన విషయం ఒకటుంది: టేబుల్‌లో మీ పేరు లేకపోతే సిస్టమ్ దృష్టిలో మీరు లేనట్టే. న్యూయార్క్‌లో ఇదే జరిగింది. కాకపోతే అక్కడ పోయింది డేటా కాదు, ప్రాణాలు.

మొదట కనిపించింది ఎవరు?

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తన వారపత్రికలో ఒక చిన్న రిపోర్ట్ వేసింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకి చాలా అరుదైన న్యుమోనియా వచ్చిందని. అయిదుగురూ గే. సరిగ్గా నాలుగు వారాలకి, జులై 3న, ఇంకో రిపోర్ట్. ఈసారి అరుదైన చర్మ క్యాన్సర్. 26 మందిలో 20 మంది న్యూయార్క్ వాళ్ళే. అదే రోజు న్యూయార్క్ టైమ్స్‌లో కూడా వార్త వచ్చింది.

దాంతో ఈ జబ్బుకి జనం మనసులో ఒక ముఖం ఏర్పడిపోయింది: మన్‌హాటన్‌లో ఉండే తెల్లజాతి గే యువకుడు. ఆ ముఖం అబద్ధం కాదు. వాళ్ళు వేలమంది పోయారు. ప్రభుత్వం పట్టించుకోలేదు కాబట్టి వాళ్ళే కూడగట్టుకున్నారు. రచయిత ల్యారీ క్రేమర్, మరికొందరు స్నేహితులు కలిసి 1982లో గే మెన్స్ హెల్త్ క్రైసిస్ అనే సంస్థ పెట్టారు. ఫోన్ హెల్ప్‌లైన్ నడిపారు, మంచాన పడ్డవాళ్ళకి వండిపెట్టారు, కుటుంబాలు వదిలేసిన వాళ్ళ పక్కన కూర్చున్నారు. 1987 మార్చిలో యాక్ట్ అప్ అనే ఉద్యమ సంస్థ పుట్టింది. అదే నెలలో ఏజెడ్‌టీ అనే మొదటి మందుకి అనుమతి వచ్చింది. ధర ఏడాదికి సుమారు 10,000 డాలర్లు. యాక్ట్ అప్ వాళ్ళు వాల్ స్ట్రీట్‌లో రోడ్డు మీద కూర్చున్నారు. అలా కూర్చోబట్టే కంపెనీ తర్వాత ధర తగ్గించింది.

ఇక్కడిదాకా మీరు సినిమాల్లోనో డాక్యుమెంటరీల్లోనో చూసే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది దీని పక్కనే జరిగిన, కెమెరా అంతగా తిరగని కథ.

మత్తు సూదుల పేటలు

1970ల చివర్లో న్యూయార్క్ దివాళా అంచున ఉంది. సౌత్ బ్రాంక్స్‌లో వీధులకి వీధులు తగలబడి ఖాళీ అయిపోయాయి. హార్లెమ్, బ్రాంక్స్, బ్రూక్లిన్‌లలో హెరాయిన్ విపరీతంగా దొరికేది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం డాక్టర్ చీటీ లేకుండా సిరంజి కొనడం నేరం. అందుకని ఒకే సూదిని పదిమంది వాడేవాళ్ళు. వైరస్‌కి ఇంతకంటే సులువైన దారి ఇంకోటి లేదు.

వాళ్ళలో చాలామంది నల్లజాతివాళ్ళు, ప్యూర్టోరికో నుంచి వచ్చిన లాటినోలు. న్యుమోనియాతో, టీబీతో, గుండె లోపలి ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయేవాళ్ళు. మరణ పత్రంలో ఏం రాసేవాళ్ళు? న్యుమోనియా, లేదా మత్తుమందు వాడకం. ఎయిడ్స్ అని రాయరు, ఎందుకంటే ఎయిడ్స్ అని రాయడానికి సీడీసీ ఇచ్చిన జబ్బుల లిస్టులో మామూలు న్యుమోనియా లేదు. 1988లో ర్యాండ్ స్టోన్‌బర్నర్, డాన్ డెస్ జార్లే వంటి పరిశోధకులు సైన్స్ పత్రికలో ఈ విషయం బయటపెట్టారు. మత్తు సూదులు వాడేవాళ్ళలో హెచ్‌ఐవీ వల్ల వస్తున్న చావులు చాలావరకు ఎయిడ్స్ లెక్కలోకి రావడమే లేదని చూపించారు.

పిల్లల సంగతి కూడా అంతే. బ్రాంక్స్‌లో ఆర్యే రూబిన్‌స్టీన్ అనే పిల్లల డాక్టర్ 1980ల మొదట్లోనే పసిపిల్లల్లో ఈ జబ్బు చూశాడు. తల్లి నుంచి బిడ్డకి వస్తోందని అన్నాడు. ఇది గే మగవాళ్ళ జబ్బు కదా, పిల్లలకి ఎలా వస్తుంది అని తోటి డాక్టర్లే నమ్మలేదు. 1983లో గానీ ఆయన రాసింది పెద్ద వైద్య పత్రికలో అచ్చు కాలేదు.

ఒక్కసారి ఆలోచించండి. బిడ్డకి జబ్బు ఉందంటే తల్లికీ ఉన్నట్టే కదా. మరి ఆ తల్లులు ఎక్కడ?

నిర్వచనంలో లేని ఆడవాళ్ళు

నా దృష్టిలో ఈ కథకి గుండెకాయ ఇదే. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ రెండూ ఒకటి కాదు. హెచ్‌ఐవీ అనేది వైరస్. అది ఒంట్లో రక్షణ శక్తిని బాగా దెబ్బతీశాక వచ్చే దశ ఎయిడ్స్. ఆ దశకి చేరారని చెప్పడానికి సీడీసీ ఒక నిర్వచనం పెట్టింది: ఫలానా ఫలానా జబ్బుల్లో ఒకటి రావాలి. ఆ లిస్టు ఎక్కువగా మగ రోగుల్ని చూసి తయారుచేసింది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళకి వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, తగ్గకుండా వేధించే గర్భాశయ ఇన్‌ఫెక్షన్లు అందులో లేవు.

ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అంటారా? అక్కడే ఉంది అసలు మెలిక. పని చేయలేని రోగులకి నెలనెలా డబ్బు ఇచ్చే అమెరికా సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఆ నిర్వచనాన్నే ఆధారంగా పెట్టుకుంది. ఆ డబ్బు వస్తేనే ఇంటి అద్దె, దాంతోపాటే ప్రభుత్వ వైద్య బీమా. అంటే లిస్టులో మీ జబ్బు లేకపోతే మీరు చావుబతుకుల్లో ఉన్నా, కాగితం మీద ఆరోగ్యవంతులే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఫామ్‌లో డ్రాప్‌డౌన్ ఉంది, మీకు సరిపోయే ఆప్షన్ లేదు, ఆ ఆప్షన్ ఎంచుకోకపోతే ఫామ్ ముందుకు కదలదు.

టెర్రీ మెక్‌గవర్న్ అనే యువ లాయర్ న్యూయార్క్‌లో పేదలకి ఉచితంగా కేసులు వాదించేది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అదే సమస్యతో ఆమె దగ్గరికి వచ్చారు. 1990లో ఆమె వాళ్ళందరి తరఫున ఫెడరల్ ప్రభుత్వం మీద కేసు వేసింది.

అదే సమయంలో కట్రీనా హాస్లిప్ అనే ఇంకొకామె ఉంది. నల్లజాతి ముస్లిం మహిళ. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన బెడ్‌ఫోర్డ్ హిల్స్ అనే ఆడవాళ్ళ జైల్లో శిక్ష అనుభవించింది. జైలు లైబ్రరీలో చట్టం నేర్చుకుని తోటి ఖైదీలకి అర్జీలు రాసిపెట్టేది. జైల్లో హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళని మిగతావాళ్ళు అంటుకోవడానికే భయపడుతున్న రోజుల్లో, ఖైదీలే కలిసి పెట్టుకున్న ఏస్ అనే సహాయ బృందాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 1990లో విడుదలైంది. పెరోల్ షరతుల ప్రకారం ఆమె రాష్ట్రం దాటకూడదు. అయినా ఆ అక్టోబర్‌లో వాషింగ్టన్ వెళ్ళి, నిర్వచనం మార్చండని ప్రభుత్వ ఆఫీసు ముందు జరిగిన ధర్నాలో మాట్లాడింది. మళ్ళీ జైలుకి పంపిస్తారేమో అన్న భయం లేక కాదు. చెప్పేవాళ్ళు వేరే ఎవరూ లేరు కాబట్టి.

రెండేళ్ళకి పైగా పోరాడాక సీడీసీ ఒప్పుకుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఊపిరితిత్తుల టీబీ, మళ్ళీ మళ్ళీ వచ్చే న్యుమోనియా లిస్టులోకి వచ్చాయి. దాంతోపాటు రక్తంలో సీడీ4 అనే రక్షణ కణాలు 200 కంటే తగ్గినా ఎయిడ్స్ కిందే లెక్క. గమనించారా? టీబీ, న్యుమోనియా చేరడం వల్ల ఇందాక చెప్పుకున్న బ్రాంక్స్, హార్లెమ్ వాళ్ళు కూడా లెక్కలోకి వచ్చేశారు.

కొత్త నిర్వచనం 1993 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కట్రీనా హాస్లిప్ 1992 డిసెంబర్ 2న చనిపోయింది. 30 రోజుల తేడా. ఆమెకి 33 ఏళ్ళు.

ఆ ఏడాది అమెరికా మొత్తం మీద నమోదైన ఎయిడ్స్ కేసులు అంతకుముందు ఏడాదికి రెండింతలు దాటాయి. జబ్బు ఒక్క ఏడాదిలో రెండింతలు కాలేదండీ. అప్పటిదాకా ఉన్నా కనపడనివాళ్ళు కనపడ్డారు, అంతే.

సూదులు ఇచ్చే ఆఫీసు ఎక్కడ పెట్టారో చూడండి

ఇప్పుడు సూదుల దగ్గరికి మళ్ళీ వద్దాం. పాత సూది తీసుకుని కొత్తది ఇస్తే వైరస్ పాకడం ఆగుతుందని యూరప్‌లో అప్పటికే చేసి చూశారు. న్యూయార్క్ మేయర్ ఎడ్ కాచ్ హయాంలో, 1988 నవంబర్‌లో, ప్రయోగంగా ఒక్క కేంద్రం తెరిచారు. ఎక్కడ? బ్రాంక్స్‌లో కాదు, హార్లెమ్‌లో కాదు. మన్‌హాటన్ దిగువన, వర్త్ స్ట్రీట్‌లో ఆరోగ్యశాఖ హెడ్డాఫీసులో. చుట్టూ కోర్టులు, పోలీసులు. మత్తుకి అలవాటుపడిన మనిషి జేబులో సూది పెట్టుకుని పోలీసుల మధ్యలోంచి నడిచి రావాలన్నమాట! సహజంగానే చాలా తక్కువమంది వచ్చారు.

తర్వాత వచ్చిన మేయర్ డేవిడ్ డింకిన్స్ 1990లో దాన్ని మూసేశాడు. ఆయన ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయర్. ఇక్కడ మనం తొందరపడి ఆయన్ని విలన్ చేయకూడదు. హార్లెమ్ పెద్దలు, చర్చిలు చాలావరకు సూదులు పంచడాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. మా పిల్లలకి మత్తు మాన్పించే వైద్యం ఇవ్వండి అంటే సూదులు ఇస్తారా అన్నది వాళ్ళ కోపం. దాని వెనక ఇంకో గాయం ఉంది. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ డాక్టర్లు నల్లజాతి మగవాళ్ళకి సిఫిలిస్ ఉందని తెలిసీ వైద్యం చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. అది బయటపడి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా కాలేదు. అలాంటి చరిత్ర ఉన్నవాళ్ళు ప్రభుత్వం ఇచ్చే సూదిని అనుమానించడంలో ఆశ్చర్యం ఏముంది?

యాక్ట్ అప్ కార్యకర్తలు 1990 మార్చిలో లోయర్ ఈస్ట్ సైడ్‌లో బహిరంగంగా సూదులు పంచి అరెస్టయ్యారు. 1991లో కోర్టు వాళ్ళని వదిలేసింది. ప్రాణాలు కాపాడే అవసరం కోసం చేశారు కాబట్టి నేరం కాదని జడ్జి తీర్పు. 1992 నుంచి రాష్ట్రం అధికారికంగా అనుమతి ఇచ్చింది, ఈసారి అవసరం ఉన్న పేటల్లోనే కేంద్రాలు వచ్చాయి. 1990 ప్రాంతంలో న్యూయార్క్‌లో సూదితో మత్తు తీసుకునేవాళ్ళలో సుమారు సగం మందికి హెచ్‌ఐవీ ఉండేది. 2000ల మొదటికి అది ఐదో వంతు కంటే కిందికి వచ్చేసింది. అదే సూది, అదే ఊరు. మారిందల్లా పెట్టిన చోటు, పెట్టిన తీరు.

మందు వచ్చింది. అందరికీనా?

1995 డిసెంబర్ నుంచి 1996 మార్చి మధ్యలో ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్స్ అనే కొత్త రకం మందులు మూడు వచ్చాయి. మూడేసి మందులు కలిపి వాడితే వైరస్ అణిగిపోతోందని తేలింది. ఈ పరిశోధనలో పెద్ద పేరు డేవిడ్ హో. ఆయన పనిచేసింది న్యూయార్క్‌లోనే. 1996లో టైమ్ పత్రిక ఆయన్ని ఆ ఏటి మేటి మనిషిగా ఎంచుకుంది. 1995 నుంచి 1997కి వచ్చేసరికి న్యూయార్క్‌లో ఎయిడ్స్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మంచం మీదున్నవాళ్ళు లేచి ఉద్యోగాలకి వెళ్ళారు.

కానీ సగటు అనేది మనల్ని ఎప్పుడూ మోసం చేస్తుంది. 1996 మొదటి ఆరు నెలల దేశవ్యాప్త లెక్క చూడండి. అంతకుముందు ఏడాది అదే సమయంతో పోలిస్తే ఎయిడ్స్ మరణాలు తెల్లజాతివాళ్ళలో 21 శాతం తగ్గాయి. లాటినోల్లో 10 శాతం. నల్లజాతివాళ్ళలో 2 శాతం. ఆడవాళ్ళలో అయితే తగ్గకపోగా 3 శాతం పెరిగాయి.

ఎందుకిలా? ఒక ఉదాహరణ చాలు. అప్పటి మందుల్లో ఇండినవిర్ అని ఒకటి. ప్రతి 8 గంటలకి, ఖాళీ కడుపుతో, బాగా నీళ్ళు తాగుతూ వేసుకోవాలి. ఇంకోటి రిటోనవిర్, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇల్లే లేనివాళ్ళకి ఫ్రిజ్ ఎక్కడిది? షెల్టర్‌లో పడుకునేవాళ్ళు మందు సీసా ఎక్కడ దాచుకోవాలి? ఇద్దరు పిల్లలతో రెండు ఉద్యోగాలు చేసే అమ్మ ఎనిమిది గంటల టైమ్‌టేబుల్ ఎలా పాటించాలి? పైగా మధ్యలో మానేస్తే వైరస్ మందుకి లొంగకుండా తయారవుతుంది. దాంతో కొందరు డాక్టర్లు ‘ఈ మనిషి సరిగ్గా వాడడులే’ అని ముందే అనుకుని మందు రాయడానికే వెనకాడారు.

ఈ ముడిని ముందుగానే పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. 1990లో యాక్ట్ అప్ నుంచి విడిగా పుట్టిన హౌసింగ్ వర్క్స్ సంస్థ వాదన చాలా సింపుల్: ఇల్లు కూడా వైద్యమే. ముందు గది ఇవ్వండి, తర్వాత మాత్ర పనిచేస్తుంది. ఎయిడ్స్ రోగులకి ఇల్లు, తిండి, సాయం అందించే విభాగాన్ని 1997లో న్యూయార్క్ నగరం చట్టంలోనే రాసింది. కానీ అది కూడా జబ్బు ముదిరినవాళ్ళకే. హెచ్‌ఐవీ ఉన్న పేదలందరికీ దాన్ని వర్తింపజేసింది 2016లో. అంటే అప్పటిదాకా ఇల్లు కావాలంటే ముందు జబ్బు ముదరాలి!

ఇంకో ముఖ్యమైన తేదీ చెప్తాను. న్యూయార్క్ రాష్ట్రంలో ఎయిడ్స్ దాకా రాని, కేవలం హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళని నమోదు చేయడం మొదలైంది 2000 జూన్‌లో. దాన్ని చాలామంది భయంతో వ్యతిరేకించారు. పేరు లిస్టులోకి ఎక్కితే ఉద్యోగం పోతుందేమో, వీసా పోతుందేమో అని. ఆ భయం ఊరికే రాలేదు. 1987 నుంచి 2010 జనవరి దాకా హెచ్‌ఐవీ ఉన్న విదేశీయులకి అమెరికాలో అడుగుపెట్టడంపై నిషేధం ఉంది. గ్రీన్ కార్డ్ మెడికల్ టెస్టుల్లో హెచ్‌ఐవీ టెస్ట్ కూడా ఉండేది. ఆ రోజుల్లో వెళ్ళిన మన తెలుగు సీనియర్లని అడిగితే చెప్తారు. ఇలాంటి రూల్ ఉంటే, ప్రతి ముగ్గురిలో ఒకరు వేరే దేశంలో పుట్టిన ఊళ్ళో, ధైర్యంగా టెస్ట్ చేయించుకునేది ఎవరు? లెక్కలో లేకపోతే సాయం అందదు, లెక్కలోకి ఎక్కితే శిక్ష పడుతుంది. పేదవాళ్ళు ఈ రెండింటి మధ్యలో ఇరుక్కున్నారు.

ఇప్పుడు ఎలా ఉంది?

చాలా మెరుగైంది, అందులో సందేహం లేదు. 2001లో ఏడాదికి 5,000 దాటిన కొత్త కేసులు 2018 నుంచి 2,000 లోపే ఉంటున్నాయి. రోజుకి ఒక్క మాత్ర చాలు. వాడుతూ ఉంటే వైరస్ రక్తంలో టెస్టుకి కూడా దొరకనంత తగ్గిపోతుంది, అలాంటివాళ్ళ నుంచి లైంగికంగా ఇంకొకరికి అంటదు. జబ్బు లేనివాళ్ళు రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రకి 2012లో అనుమతి వచ్చింది.

కానీ ఆ 2,000 లోపు ఎవరో చూడండి. నల్లజాతివాళ్ళు, లాటినోలు కలిపి నగర జనాభాలో సుమారు సగం. కొత్త కేసుల్లో మాత్రం నాలుగింట మూడొంతులకు పైగా వాళ్ళే. కొత్తగా హెచ్‌ఐవీ తేలిన ఆడవాళ్ళలో అయితే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది నల్లజాతి, లాటినా మహిళలే. కేసులు ఎక్కువగా ఉండేది పేదరికం ఎక్కువున్న పేటల్లోనే. ఊరంతా కలిపితే గ్రాఫ్ కిందికి దిగింది. పేటలవారీగా విడదీస్తే 1980ల మ్యాప్ ఇంకా కనపడుతుంది.

వైరస్‌కి రంగు తెలియదు, పిన్‌కోడ్ తెలియదు. ఇల్లు, బీమా, నమ్మకం, జైలు, వీసా, ఇవన్నీ మాత్రం మనుషులు పెట్టిన రూల్స్. ఆ రూల్స్ దారిలోనే వైరస్ నడిచింది. నేను ఈ చరిత్రలోంచి తీసుకున్నది ఇదే: కొత్త మందు కనిపెట్టడానికి 15 ఏళ్ళు పట్టింది, ఒక నిర్వచనంలో నాలుగు పదాలు మార్చడానికి కూడా రెండేళ్ళకి పైగా కొట్లాట అవసరమైంది. రెండూ ప్రాణాలు కాపాడాయి. మొదటిదానికే టైమ్ పత్రిక కవర్ పేజీ దొరికింది.

మనకేంటి సంబంధం?

ఉంది. 2001లో అమెరికాలో ఏడాదికి 10,000 డాలర్లు దాటే మందుల్ని మన దేశపు సిప్లా 350 డాలర్లకి ఇస్తానంది. ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత హైదరాబాద్ కంపెనీలు హెటెరో, అరబిందో కూడా ఈ మందులు తయారుచేసి ఆఫ్రికా దేశాలకి పంపాయి. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉందని ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే మందు మన దగ్గరే తయారవుతోంది, ఉచితంగానే దొరుకుతోంది. మనకి మిగిలిన అడ్డం టెస్ట్‌కి వెళ్ళకుండా ఆపే సిగ్గు, వెళ్ళినవాళ్ళని చూసే చూపు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో టెస్ట్ ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. అనుమానాలుంటే 1097కి ఫోన్ చేయండి, అది కూడా ఉచితమే. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి తీసేయడం, వైద్యం నిరాకరించడం 2017 చట్టం ప్రకారం నేరుగా నిషేధం. ఈ మూడు ముక్కలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు, మీ ఫ్రెండ్‌కి రావచ్చు. వాళ్ళు మిమ్మల్ని నేరుగా అడగలేకపోవచ్చు.

కామెంట్స్‌లో ఒక్కటి చెప్పండి: మన చుట్టూ ఉన్న ఏ ఫామ్‌లో, ఏ లిస్టులో ఇలా మనుషులు మిస్ అవుతున్నారని మీకు అనిపిస్తుంది? రేషన్ కార్డు కావచ్చు, ఓటర్ లిస్టు కావచ్చు, కాలేజీ అప్లికేషన్ కావచ్చు. అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.